మిరియాలెయ్యలేదేటిరా?

మా పాప పుట్టినరోజు ఈసారి శనివారం పడింది. మా ఇంట్లో శనివారం అంటే అమ్మ గుడ్డు ముట్టని రోజు. తను ముట్టకపోవడమే కాదు, గుడ్డు కొట్టిన గిన్నెను తన పొయ్యి దరిదాపులకి కూడా రానివ్వదు. నేనేమో పది గుడ్ల కేకు చేసి పెడతానని ఆరు నెలల ముందే, ఇంకా సముద్రం మీద ఉండగానే, వీడియో కాల్‌లో పాపకి మాటిచ్చేశాను.

నేను ఓడలో మెస్‌మ్యాన్‌ని. అంటే వంటవాణ్ని కాదు, వంటవాడి పక్కన నిలబడేవాణ్ని. ఉల్లిపాయలు తరగాలి, ప్లేట్లు కడగాలి, ఆఫీసర్ల మెస్సులో వడ్డించాలి, గ్యాలీ నేల తుడవాలి. గ్యాలీ అంటే ఓడలో వంటిల్లు. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సోంపేట దగ్గర ఊరు. మా వీధిలో సగం ఇళ్లలో మగవాళ్లు ఓడల్లోనో గల్ఫ్‌లోనో ఉంటారు. మిగతావాళ్లకి కొబ్బరితోట, జీడితోట. మాకున్న కొబ్బరిచెట్లలో ఎక్కువ భాగం 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పడగొట్టేసింది. నేను ఓడెక్కింది ఆ తర్వాతే.

నా చివరి కాంట్రాక్టులో చీఫ్ కుక్ ఫిలిప్పీన్స్ ఆయన. ఇలోయిలో దగ్గర ఊరట. ఫిలిప్పీన్స్ వాళ్లు అన్నని 'కుయా' అంటారని నాకు ముందే తెలుసు, అలాగే పిలిచాను. ఆయన తల అడ్డంగా ఊపి, మా వైపు 'మనోంగ్' అంటాం, అలా పిలువు అన్నాడు. ఓడలో అందరికీ ఆయన మనోంగే. ఆయన కంటే వయసులో పెద్దయిన కెప్టెన్‌కి కూడా.

మనోంగ్‌ వంటకి నేను పెద్ద అభిమానినేం కాదు. మా ఇండియా వాళ్ల కోసమని పప్పు వండేవాడు, అందులో చిటికెడు పంచదార పడేది. చెప్పి చెప్పి ఊరుకున్నాం. ఆయన బేకింగ్ మాత్రం వేరు. ఆ చేతికి ఓవెన్ లొంగిపోయేది. నెలాఖరున ఆ నెలలో పుట్టినవాళ్లందరికీ కలిపి ఒకటే కేకు చేసేవాడు. మొదటి నెల ఆ కేకు ముక్క నా ప్లేట్లో పడ్డప్పుడు కాసేపు చూస్తూ ఉండిపోయాను. పైన పాకం తేనె రంగులో మెరుస్తూ పక్కలకి కారుతోంది. దాని కింద వేలు మందాన పసుపు రంగు కస్టర్డ్, ముక్క కదిలిస్తే వణుకుతోంది. అడుగున దూదిలాంటి కేకు. స్పూను పైనుంచి దింపితే మొదట మెత్తగా జారింది, తర్వాత కేకు దగ్గర చిన్నగా ఆగింది. నోట్లో పెట్టుకోగానే నాకు తోచింది ఒకటే మాట: జున్ను.

నిజంగా జున్నే. బెల్లం లేదు, మిరియాలు లేవు, అయినా ఆ జారుడు, ఆ పాల కమ్మదనం అదే. మనోంగ్‌తో 'మా ఊళ్లో దీన్ని ఆవుతో చేయిస్తాం' అన్నాను. ఈన్న రెండు మూడు రోజుల్లో పితికిన పాలు ఆవిరి మీద పెడితే వాటంతట అవే గడ్డకడతాయని చెప్పడానికి నా ఇంగ్లిషుకి అరగంట పట్టింది. గుడ్డు లేకుండానా అని మూడుసార్లు అడిగాడు. లేకుండానే అన్నాను. నమ్మినట్టు కనపడలేదు.

వాళ్లు ఆ కస్టర్డ్‌ని 'లెచె ఫ్లాన్' అంటారు. స్పెయిన్ వాళ్లు తెచ్చి పెట్టింది. 1565 నుంచి 1898 దాకా వాళ్లని స్పెయిన్ ఏలింది, మూడు వందల ఏళ్ల పైమాటే. ఆ పొర ఒక్కటే చేసుకునేటప్పుడు కోలగా ఉండే రేకు గిన్నెల్లో పోసి, మన ఇడ్లీలాగే ఆవిరి మీద ఉడికిస్తారు. ఆ గిన్నెని 'యానెరా' అంటారు. మనోంగ్ దగ్గర సొట్టలు పడ్డవి రెండు ఉండేవి, ఇంటి దగ్గర్నుంచి బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్నవి. క్రిస్మస్ ముందు రోజు అర్ధరాత్రి భోజనంలో అది లేకపోతే వాళ్లకి పండగ కాదట. అదే గిన్నెలో కస్టర్డ్ మీద కేకు పిండి కూడా పోసేస్తే కస్టర్డ్ కేక్.

గుడ్లలో పచ్చసొన, తెల్లసొన విడదీయడం నా పని. పెంకు రెండు చిప్పల మధ్య సొనని అటూ ఇటూ మారుస్తూ ఉంటే తెల్లది జారిపోయి పచ్చది మిగులుతుంది. మొదట్లో ప్రతి నాలుగో గుడ్డూ చితికిపోయేది. మనోంగ్ చేత్తోనే తీసేవాడు. అరచేతిలో గుడ్డు పోసుకుని వేళ్లు కాస్త ఎడం చేసేవాడు, అంతే. అలా చేస్తూ ఒకరోజు ఒక సంగతి చెప్పాడు. స్పెయిన్ వాళ్ల కాలంలో చర్చిలు కట్టేటప్పుడు సున్నంలో గుడ్ల తెల్లసొన కలిపేవారట. మిగిలిన పచ్చసొనలని ఏం చేయాలో తెలియక ఊళ్లో ఆడవాళ్లు ఇలాంటి తీపి వంటకాలు కనిపెట్టారట. వాళ్ల దేశంలో తరతరాలుగా చెప్పుకునే మాట ఇది. మన పాత కట్టడాల గానుగ సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపేవారని మా తాత చెప్పిన మాట గుర్తొచ్చింది. మనవాళ్లు గోడలో తీపి పోశారు, వాళ్లు గోడలో పోయగా మిగిలినదాన్ని తీపి చేసుకున్నారు.

ఆ మాటల్లోనే ఫోన్ తీసి మియాగావ్ చర్చి ఫొటో చూపించాడు. వాళ్ల ఊరికి దగ్గరే. 1797లో పూర్తయింది, 1993లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. లావుపాటి గోడలు, పసుపుపచ్చ రాయి. ముందు గోడ మీద పైనెక్కడో ఏసుని భుజాన ఎక్కించుకుని నది దాటిస్తున్న సెయింట్ క్రిస్టఫర్ బొమ్మ. ఆయన పట్టుకున్నది కొబ్బరిచెట్టు! పక్కన బొప్పాయిచెట్లు. ఫొటో పెద్దది చేసి చూశాను. 'ఇది కట్టింది మా ఉద్దానం మేస్త్రీలే' అన్నాను. ఆయనకి ఏం అర్థమైందో కానీ గట్టిగా నవ్వాడు.

ఈ కేకులో నాకు అన్నిటికంటే నచ్చేది అందులో ఉన్న లెక్క. పచ్చసొనలు గిన్నెలో కింద పోసే కస్టర్డ్‌కి పోతాయి. తెల్లసొనలు నురగ కొట్టి దాని మీద పోసే కేకులో వేస్తారు. విడదీసిన గుడ్డు మళ్లీ ఒకే గిన్నెలో చేరుతుంది. లెక్క పూర్తిగా సరిపోదు లెండి, పది గుడ్లు తీసుకుంటే ఆరు తెల్లసొనలు మిగిలిపోతాయి. ఓడలో అవి సెకండ్ ఇంజనీర్‌కి. ఆయన జిమ్ పిచ్చోడు. కేకు రోజున పొద్దున్నే గ్యాలీ గుమ్మంలో గ్లాసు పట్టుకుని నిలబడేవాడు.

ఆ కేకు పొరకి షిఫాన్ అని పేరు. అందులో వెన్న ఉండదు, నూనె పోస్తారు. అందుకే ఫ్రిజ్‌లో పెట్టినా గట్టిపడదు. దాని కథ ఫోన్లో చదివాను. 1927లో లాస్ ఏంజెలెస్‌లో ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు కనిపెట్టాడు. ఇంటిపేరు బేకర్! హ్యారీ బేకర్. ఇరవై ఏళ్లు ఆ గుట్టు ఎవరికీ చెప్పకుండా దాచుకుని, 1947లో జనరల్ మిల్స్ కంపెనీకి అమ్మాడు. స్పెయిన్ వాళ్లు పోయాక ఫిలిప్పీన్స్‌కి అమెరికా వాళ్లు వచ్చారు కాబట్టి డబ్బా పాలు, ఇలాంటి కేకులు ఆ దారినే వచ్చాయి. అంటే నేను తిన్న ముక్కలో కింద స్పెయిన్, పైన అమెరికా. కాదు కాదు, బోర్లించాక పైన స్పెయిన్, కింద అమెరికా.

బోర్లించడం గురించి చెప్పాలి. గిన్నెలో మొదట పాకం పోస్తారు, దాని మీద కస్టర్డ్, దాని మీద కేకు పిండి. కస్టర్డ్ నీళ్లలా ఉంటుంది, దాని మీద పోసిన పిండి మునిగిపోదా అని నా అనుమానం. మునగదు. తెల్లసొన నురగతో పిండి నిండా గాలే. కస్టర్డ్ బరువు, ఇది తేలిక, తేలుతుంది. నిండు బిందెలో పడ్డ బెండుముక్కలాగా. కాస్త మునిగినా మళ్లీ పైకొచ్చేస్తుంది. రెండూ ఒకేసారి ఉడికాక చల్లారబెట్టి బోర్లిస్తే కిందిది పైకి, పైది కిందికి.

ఓడలో దీనికి ఇంకో తిప్పలుంది. కస్టర్డ్ గడ్డకట్టే గంటసేపు ఓడ కదలకుండా ఉండాలి. మనోంగ్ ముందు బ్రిడ్జికి, అంటే ఓడ నడిపే గదికి, ఫోన్ కొట్టేవాడు. మధ్యాహ్నం సముద్రం ఎలా ఉంటుందో కనుక్కుని గానీ గుడ్డు కొట్టేవాడు కాదు. అయినా ఒక్కోసారి కేకు కోస్తే కస్టర్డ్ ఒక పక్క మందంగా, ఇంకో పక్క కాగితంలా ఉండేది. ఎందుకంటే సరుకు దించేసిన ఓడ వెనక్కి కూర్చుంటుంది. ఇంజను వెనకే ఉంటుంది, ప్రొపెల్లర్ కూడా నీళ్లలో మునిగి ఉండాలి, అందుకని ఓడ నిలకడ కోసం పట్టే బ్యాలస్టు నీళ్లు కూడా అలాగే పట్టిస్తారు. మనకి నడుస్తుంటే తెలియదు, కస్టర్డ్‌కి తెలుస్తుంది. చీఫ్ ఆఫీసర్ ఒకసారి తన ముక్కని పక్కకి తిప్పి చూసి, ట్రిమ్, అంటే ఓడ ముందువెనకల వాలు, ఎంతుందో లెక్కకట్టడం మొదలుపెట్టాడు. మందం ముక్క ఎవరికి వస్తే వాళ్లు అదృష్టవంతులు. అది ఎప్పుడూ మనోంగ్ ఎవరి మీద ప్రేమగా ఉంటే వాళ్లకే వచ్చేది.

సరే, ఇక ఇంటి సంగతి.

గురువారం ట్రయల్ వేశాను. మిల్క్‌మెయిడ్ డబ్బా సోంపేటలో దొరికింది. వాళ్లు వాడే రెండో రకం డబ్బా పాలు, అంటే పంచదార లేకుండా చిక్కగా కాచినవి, అక్కడ దొరకలేదు. దొరక్కపోతే పోయాయి. మనకి గేదె ఉంది. ముప్పావు లీటరు గేదెపాలు సన్న సెగ మీద సగానికి సగం మరగకాచాను. ఫిలిప్పీన్స్‌లో కూడా పూర్వం గేదెపాలతోనే చేసేవారట, ఇప్పుడు పాలు ఎక్కువగా బయటి దేశాల నుంచే వస్తాయి. ఈ ఒక్క విషయంలో మనోంగ్ కంటే నేనే మెరుగు.

పాకానికి ముప్పావు కప్పు పంచదార, మూడు చెంచాల నీళ్లు. గరిట పెట్టకూడదు, గిన్నెనే తిప్పుతూ ఉండాలి. తేనె రంగు దాటి రాగి రంగులోకి వస్తున్నప్పుడు దించేయాలి, దించాక కూడా అది ముదురుతూనే ఉంటుంది. ఎనిమిది అంగుళాల కేకు గిన్నెలో పోసి అడుగంతా పారించాను. చల్లారేకొద్దీ అది టిక్, టిక్ అని పగులుతుంది. ఆ చప్పుడంటే నాకు చాలా ఇష్టం.

కస్టర్డ్‌కి ఎనిమిది పచ్చసొనలు, మిల్క్‌మెయిడ్ డబ్బా అంతా, మరగకాచిన పాలు చల్లారాక, ఒక నిమ్మకాయ పైతొక్క తురుము. తొక్కలో పచ్చనిదే, తెల్లది తగిలితే చేదు. వాళ్లు 'దయాప్' అనే పచ్చ నిమ్మ వాడతారు, మన తోటలో నిమ్మకేం తక్కువ కాదు. కలిపేటప్పుడు నురగ రాకూడదు. మజ్జిగ చిలికినట్టు చిలికితే బుడగలు లోపలే ఉండిపోయి చిల్లులు పడతాయి. గరిటతో నెమ్మదిగా తిప్పి, పల్చటి గుడ్డలో వడగట్టాలి.

కేకుకి ముప్పావు కప్పు మైదా. అందులోంచి రెండు చెంచాలు తీసేసి రెండు చెంచాల మొక్కజొన్న పిండి కలిపాను. చెంచాడు బేకింగ్ పౌడర్, రెండు పచ్చసొనలు, పావు కప్పు నూనె, పావు కప్పు పాలు. నాలుగు తెల్లసొనలు నాలుగు చుక్కల నిమ్మరసంతో నురగ కొట్టి, కొద్దికొద్దిగా అరకప్పు పంచదార వేశాను. బీటర్ ఎత్తితే నురగ కొన నిలబడి చివర కొంచెం వంగాలి. ఆ నురగని మూడు విడతలుగా పిండిలోకి మడతపెట్టాలి, తిప్పకూడదు. తిప్పితే గాలి పోతుంది, గాలి పోతే తేలదు.

ఇంతవరకు బానే ఉంది. ఓవెన్ లేదు కదా అని ఇడ్లీ పాత్రలో పెట్టాను. పెట్టి, పెద్ద మంట మీద వదిలేసి, ఫోన్ వస్తే వీధిలోకి వెళ్లాను. తిరిగొచ్చి చూస్తే మూత దడదడలాడుతోంది. దించి చల్లార్చి బోర్లిస్తే కస్టర్డ్ నిండా చిల్లులు, చుట్టూ నీళ్లు. కేకు మీద మూత నీళ్లు కారి గుంటలు పడ్డాయి. దానికి తోడు ఒక పక్క రెండు వేళ్ల మందం, ఇంకో పక్క అర వేలు!

అమ్మ వచ్చి చూసింది. గురువారమే కాబట్టి దగ్గరికే వచ్చింది. 'ఏటిరా ఇది, ఇరిగిపోయిన జున్నా?' అంది.

కేకు అన్నాను.

'కేకేటి, మంటెక్కువెట్టీసినావు. జున్నుకి ఎప్పుడైనా అంత మంటెట్టినానా నేను? మూత కింద గుడ్డ కట్టినావా?'

కట్టలేదు. మూతకి పలచటి గుడ్డ చుట్టి కడితే ఆవిరి నీళ్లు కిందికి కారవని, నీళ్లు మరగకూడదని, అడుగున చిన్నచిన్నగా కదులుతూ ఉంటే చాలని, పుల్ల గుచ్చి చూస్తే నడిమిన కాస్త వణుకున్నప్పుడే దించేయాలని వరసగా చెప్పుకుపోయింది. సరిగ్గా ఇవే మాటలు మనోంగ్ నాకు తొమ్మిది నెలల్లో చెప్పాడు. గుడ్డ సంగతితో సహా. చిన్నప్పుడు పక్కింటి గేదె ఈనినప్పుడల్లా జున్నుపాలు మా ఇంటికి వచ్చేవి. వాళ్ల గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని అమ్మ అందులో ఇంత బెల్లమో, నాలుగు కొబ్బరికాయలో పెట్టి పంపేది. ఆ జున్ను పొయ్యి మీద ఉన్నంతసేపు నేను అక్కడే కూచుని ఉండేవాణ్ని. తినడానికి తప్ప చూడటానికి కూర్చోలేదని ఇప్పుడు తెలిసింది.

మిగిలిన ఆరు తెల్లసొనలతో మా ఆవిడ ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి పొరటు చేసింది. ఆ రోజు వండినవాటిలో అందరూ బావుందన్నది అదొక్కటే.

వాలు సంగతి నాకు నిద్రపట్టనివ్వలేదు. ఓడ వంగితే సముద్రం మీద నెట్టేయొచ్చు. ఇల్లు ఎక్కడికి వంగింది? శుక్రవారం పొద్దున్నే మా ఇంటి ఎదురుగా ఉండే మేస్త్రీ మావయ్య దగ్గర రసమట్టం అడిగి తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాను. లోపలి బుడగ పోయి ఒక చివర కూచుంది. నీళ్లు సింకులోకి పారాలని గట్టు అలా వాలుగా కట్టారట. 'గట్టన్నాక వాలుండాల్రా, నేకపోతే నీళ్లు నిలిచిపోవూ?' అన్నాడాయన. ఆ గట్టు కట్టింది ఆయనే.

ఆ మధ్యాహ్నమే పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గ వెళ్లి మా వదిన దగ్గర ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్, అడిగి తెచ్చాను, బస్సులో ఒళ్లో పెట్టుకుని. వదిన దాంతోపాటు జీడిపప్పు పొట్లం ఇచ్చింది. పలాస నుంచి వస్తూ జీడిపప్పు లేకుండా ఎవరూ రారు కదా. ఈ జీడిపప్పు మీద మనోంగ్‌కి నాకు ఒక వాదన ఉండేది. వాళ్లకీ జీడిమామిడి ఉంది, 'కసోయ్' అంటారు. తెల్లసొన, వెన్న, జీడిపప్పు పొరలుగా పేర్చి 'సాన్స్ రివాల్' అనే కేకు చేస్తారు. మా జీడిపప్పే గొప్ప అంటే మా జీడిపప్పే గొప్ప. ఆ చెట్టు మన రెండు చోట్లా పరాయిదే, బ్రెజిల్ వైపు నుంచి పోర్చుగీసు వాళ్లు, స్పెయిన్ వాళ్లు తెచ్చింది. ఆ మాట ఇద్దరం ఒప్పుకునేవాళ్లం కాదు.

శుక్రవారం రాత్రి ఎనిమిదికి మళ్లీ పది గుడ్లు. పన్నెండు దాటితే శనివారం, అమ్మ చూపులోనే గడియారం ఉంది. ఓటీజీ ఒక కాలు కింద పాత పెళ్లి శుభలేఖ మడిచి పెట్టి, రసమట్టం బుడగ నడిమికి వచ్చేదాకా సరిచేశాను. కేకు గిన్నెని వెడల్పాటి ట్రేలో పెట్టి, ట్రేలో వేడినీళ్లు సగం దాకా పోసి, నూట అరవై డిగ్రీల మీద పెట్టాను. నీళ్లలో ఎందుకంటే నీళ్లు వంద డిగ్రీలు దాటవు, కస్టర్డ్‌కి నేరుగా సెగ తగలదు. అమ్మ సన్న మంట, మూత గుడ్డ చేసే పని ఇక్కడ ఆ ట్రే చేస్తుంది.

ముప్పై ఐదు నిమిషాలకి కరెంటు పోయింది.

పాప ఏడుపు మొహం పెట్టింది. తలుపు తీసి చూద్దామని మా ఆవిడ, తియ్యొద్దని నేను. ఫోన్ లైటు అద్దానికి ఆనించి చూస్తే పైన కేకు లేచి ఉంది, ఇంకా రంగు రాలేదు. ఓవెన్ చల్లారుతుంది గానీ ట్రేలో నీళ్లు అంత తొందరగా చల్లారవు, కాబట్టి అడుగున కస్టర్డ్ ఉడుకుతూనే ఉంటుందని నా ధైర్యం. ధైర్యమో, వేరే దారి లేకపోవడమో. పన్నెండు నిమిషాలకి కరెంటు వచ్చింది. అప్పటికి కేకు నడిమిన అరచేయంత గుంట పడింది. ఇంకో అరగంట ఉంచి తీశాను. గుంట అలాగే ఉంది.

కానీ ఈ కేకుకి ఒక సుగుణం ఉంది. బోర్లిస్తాం. గుంట కిందికి పోతుంది. పైన కనపడేది పాకం, కస్టర్డ్. లోపాలన్నీ అడుగున దాక్కుంటాయి.

రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాను. చల్లారకుండా బోర్లిస్తే కస్టర్డ్ కూలిపోతుంది. శనివారం సాయంత్రం గిన్నె అడుగుని గోరువెచ్చటి నీళ్లలో ఒక్క నిమిషం ఉంచి, చుట్టూ చాకు తిప్పి, పళ్లెం మూతపెట్టి, ఊపిరి బిగబట్టి తిప్పాను. ఏం చప్పుడు లేదు. అలాగే పట్టుకుని నిలబడ్డాను. తర్వాత లోపల ఎక్కడో 'తుప్' మంది. గిన్నె ఎత్తితే పాకం పళ్లెం అంచుల దాకా పరుగెత్తింది. చిల్లుల్లేవు. పక్కనుంచి చూస్తే పసుపు గీత రసమట్టంతో గీసినట్టుంది. రసమట్టంతో గీసిందే కదా.

కొవ్వొత్తులు మాత్రం నిలబడలేదు. తొమ్మిది గుచ్చాను, కస్టర్డ్‌లో ఒక్కొక్కటి నెమ్మదిగా పక్కకి ఒరిగిపోతూ ఉంటే పిల్లలు ఒకటే నవ్వు. ఐదోది పడేలోపే పాప అన్నీ ఊదేసింది. ఏడుగురు పిల్లలు, పది నిమిషాలు, పళ్లెం ఖాళీ. ఒకడు పళ్లెంలో మిగిలిన పాకం వేలితో నాకుతుంటే వాళ్లమ్మ వీపు మీద ఒక్కటి వేసింది.

అమ్మ గుమ్మం బయట కుర్చీ వేసుకుని అన్నీ చూసింది. ఒక ముక్క ముందే కోసి, స్టీలు డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో పెరుగుగిన్నె వెనక దాచాను. రాత్రి పదకొండుకి మా అన్నయ్య కొడుకు ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడుకి లేచి వెళ్లి వాణ్ని పట్టుకున్నాను. మూత తీసి ఉంది, స్పూను చేతిలో ఉంది. మంచినీళ్లకి వచ్చానన్నాడు.

ఆదివారం పొద్దున్న అమ్మ స్నానం చేసి, టీ తాగి, ఇక తెమ్మంది. డబ్బా చేతికిచ్చాను. ముందు వాసన చూసింది. స్పూను పక్కన పెట్టి వేలితో కస్టర్డ్ పక్కన నొక్కింది, అది వణికి మళ్లీ సర్దుకుంది. అప్పుడు తింది. రెండో స్పూను కూడా తింది. నేను ఎదురుగా పీట మీద కూచుని ఉన్నాను.

'జున్నే,' అంది. 'మిరియాలెయ్యలేదేటిరా?'

వెయ్యరమ్మా, ఇది వాళ్ల వంట అన్నాను. వినలేదు. లేచి పోపులపెట్టె తీసి, నాలుగు మిరియాలు రోట్లో వేసి నలిపి, చిటికెడు దాని మీద చల్లుకుని వచ్చి కూచుంది. 'ఇప్పుడు తిను' అని నా నోట్లో ఒక స్పూను పెట్టింది. పాకం తీపి వెనక మిరియపు ఘాటు గొంతులో ఆలస్యంగా తగిలింది. బావుంది. ఒప్పుకోవడం ఇష్టం లేకపోయినా చాలా బావుంది.

ఆ ముక్క ఫొటో తీసి మనోంగ్‌కి పంపాను. ఆయన ఇప్పుడు ఇంకో ఓడలో ఉన్నాడు, నెట్ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. పొర ఎంత సమంగా వచ్చిందో చూస్తాడని, శుభలేఖ మడిచి పెట్టిన సంగతి, కరెంటు పోయిన సంగతి అన్నీ పొడుగ్గా రాశాను. మూడో రోజు జవాబు వచ్చింది. మెసేజ్ అంతా చదివాడో లేదో తెలియదు. ఫొటోలో నల్లటి చుక్కల చుట్టూ ఎర్రగా ఒక సున్నా చుట్టి, కింద ఒక్క మాట రాశాడు:

'చీమలా?'